బావమరిది బకెట్లలో లిల్లీలు

పళ్ళ మేస్త్రి అంటే చుట్టుపక్కల నాలుగు వీధుల్లో తెలియనివాళ్ళు లేరు. ఆయన పనితనం చూశామని చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. పంటి డాక్టరమ్మ ఆసుపత్రి వెనకగదిలో, కిటికీ కింద బల్ల వేసుకుని కట్టుడు పళ్ళు చేస్తాడాయన. డాక్టరమ్మ తీసి పంపిన నోటి కొలతలో ప్లాస్టర్ పోసి అచ్చు తీయడం, దాని మీద గులాబీరంగు మైనం పరిచి చిగుళ్ళు దిద్దడం, ఆ మైనంలో ఒక్కొక్క పన్నే నిలబెట్టడం, పక్కదానికంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే పీకి మళ్ళీ నిలబెట్టడం. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఊళ్ళో పెద్దవయసువాళ్ళు సగంమంది ఆయన పళ్ళతోనే నములుతున్నారు, ఆయన పళ్ళతోనే నవ్వుతున్నారు, ఆయన పళ్ళతోనే కోడళ్ళ మీద పళ్ళు నూరుతున్నారు. కానీ కట్టుడు పన్ను అన్నాక అది కట్టుడుదని ఎదుటివాడికి తెలియకూడదు. తెలిసిందంటే పని చెడిందన్నమాట. అలాంటి వృత్తిలో ఉన్నవాడికి మెచ్చుకోలు ఎక్కణ్ణించి వస్తుంది?

ఆయనకు లిల్లీల వల్ల వచ్చేది.

ఇంటి పక్కగోడ వెంట మూడడుగుల వెడల్పున, పన్నెండడుగుల పొడవున కాస్త నేల ఉండేది. పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం నర్సరీ నుంచి నాలుగు లిల్లీ దుంపలు కాగితం సంచిలో వేసుకుని తెచ్చాడు. భార్య సంచిలోకి తొంగిచూసి, "ఇవేం వెల్లుల్లిపాయలండీ, ఇంత లావున్నాయి?" అంది. నిజంగానే అలా ఉన్నాయి, తెల్లటి రెబ్బలు ఒకదాన్నొకటి కౌగిలించుకున్నట్టు. ఆ ఏడాది రెండు కుళ్ళిపోయాయి, ఒకటి చీడపట్టి పోయింది, మిగిలిన ఒక్కటి ఒకే ఒక్క పువ్వు పూసింది. అరచెయ్యంత తెల్లటి బూరలాంటి పువ్వు. ఆ పువ్వు దగ్గర వీధిలో పోయే ఒకావిడ ఆగి, "ఎవరు పెంచారండీ?" అని అడిగింది.

ఆ మాట ముప్పై ఏళ్ళలో పళ్ళ గురించి ఎవరూ అడగలేదు.

అంతే, ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. దుంప ఎంత ఎత్తుంటే దానికి మూడింతల లోతున పాతాలని తెలుసుకున్నాడు. కింద గుప్పెడు ఇసుక వేస్తే నీళ్ళు నిలవవని తెలుసుకున్నాడు. లిల్లీకి కాళ్ళు నీడలో ఉండాలి, తల ఎండలో ఉండాలి. అందుకని మొదళ్ళ దగ్గర పొట్టిమొక్కలు పెంచాడు. నీళ్ళు పోసేముందు చూపుడువేలు రెండో కణుపుదాకా మట్టిలో గుచ్చి, తడి తగిలితే చెంబు పక్కన పెట్టేసేవాడు. పువ్వు విచ్చుకోగానే పని దగ్గరి సన్నటి పట్టకారు తెచ్చి, లోపలి పుప్పొడి తలలను ఒక్కొక్కటే తుంచేసేవాడు, తెల్లటి రేకల మీద పసుపు మరక పడకుండా. పూలు రాలిపోయాక అందరిలాగా కాడలు కోసెయ్యక, ఆకులు వాటంతటవే పండేదాకా ఆగేవాడు. మరుసటేటి పువ్వుకు కావలసిన తిండి దుంప అప్పుడే దాచుకుంటుందని ఆయన నమ్మకం, అది నిజం కూడా. ఎనిమిదో ఏటికి గోడ వెంట ముప్పై కాడలు లేచాయి. ఆయన కిటికీ వెనక నిలబడి, వీధిలో ఆగినవాళ్ళ మాటలు చెవులు రిక్కించి వినేవాడు. ఏటా ఒక గుత్తి కోసి ఆసుపత్రిలో రోగులు కూర్చునే గదిలో గాజుసీసాలో పెట్టేవాడు. ఎవరితో ఏమీ చెప్పేవాడు కాదు. అడగాలి కదా, అడిగితే చెబుదామని.

ఇక బావమరిది సంగతి.

భార్యకూ ఆమె తమ్ముడికీ పదకొండేళ్ళ తేడా. చంకనేసుకుని పెంచింది తమ్ముణ్ణి. సిటీబస్సు డ్రైవరు. మనిషి అందరికీ తలలో నాలుక. బస్సు వెనక పరుగెత్తే ముసలమ్మను అద్దంలో చూసి బండి ఆపుతాడు, ఆవిడ ఎక్కాక "నెమ్మదిగా రా పెద్దమ్మా, బస్సు నీదే" అంటాడు. అలాంటివాడు ఇంటికి వచ్చాడంటే ఇల్లంతా సందడి. భార్య గొంతే మారిపోయేది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో మేస్త్రి ఆమెను నవ్వించిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. తమ్ముడు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే నవ్వించేవాడు. ఒకసారి వాడు చెప్పిన జోకునే మేస్త్రి వారం తర్వాత భోజనాల దగ్గర చెప్పాడు. కూతురు మర్యాదకి నవ్వి, "మామయ్య చెబితే ఇంకా బాగుంటుంది నాన్నా" అంది. ఆయన ముద్ద మళ్ళీ కంచంలోనే పెట్టేశాడు.

అయినా వాడు ఊరి ఆ చివర ఉన్నన్నాళ్ళూ సర్దుకున్నాడు. వాడు పక్కవీధిలో మేడమీద వాటా అద్దెకు తీసుకున్నాక సర్దుకోవడం కష్టమైంది.

దిగిన నెలలోనే అడిగాడు. "బావా, నాకూ నాలుగు దుంపలియ్యవూ? మేడమీద బోలెడు చోటుంది. నీ చెల్లెలు కూడా సరదాపడుతోంది." నీ చెల్లెలంటే వాడి భార్య, మేస్త్రికి వరసకు చెల్లెలు.

కాదనడానికి కారణం దొరకలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, తల్లిదుంపల పక్కన పుట్టే గోళీకాయంత పిల్లదుంపలు ఏరాడు. ఏటా పారేసేవే అవి. ఏడు ఇచ్చాడు.

"ఎంత లోతు పెట్టాలి బావా?"

"ఏముంది, అలా పైపైన పాతెయ్. రోజూ రెండుపూటలా నీళ్ళు పొయ్యి."

టీ గ్లాసులు తీసుకొచ్చిన భార్య ఆగి, "రెండుపూటలానా?" అంది.

"మేడమీద ఎండెక్కువ కదా," అన్నాడాయన, ఆమె కళ్ళలోకి చూడకుండా.

మూడేళ్ళు గడిచాయి. ఆ దుంపల ఊసే ఎవరూ ఎత్తలేదు. చచ్చి ఉంటాయని మేస్త్రి నిశ్చింతగా ఉన్నాడు. మూడో ఏడు పూల కాలంలో ఒక ఉదయం బావమరిది వచ్చి, "బావా, ఒక్కసారి మేడమీదకి రా, నీకొకటి చూపించాలి" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

మేడమీద పిట్టగోడ వారన ఏడు పాత రంగుబకెట్లు. మేడ మరమ్మతు చేసినవాళ్ళు వదిలేసిపోయినవి. వాటి అడుగున మేకు కాల్చి బెజ్జాలు పొడిచాడట, వాళ్ళే వదిలేసిన ఇసుకలో మట్టి కలిపి నింపాడట. ఒక్కొక్క బకెట్లో ఛాతీ ఎత్తు కాడ. మేస్త్రి మొదటి కాడకు పూలు లెక్కపెట్టాడు. ఎనిమిది. నమ్మబుద్ధికాక మళ్ళీ లెక్కపెట్టాడు. ఎనిమిదే. పదకొండేళ్ళలో ఆయన గోడ దగ్గర ఒక కాడకు ఆరుకు మించి ఎప్పుడూ రాలేదు.

"ఏం వేశావు వీటికి?" అన్నాడు.

"ఏమీ వెయ్యలేదు బావా. పైపైన పెట్టమన్నావు గానీ, కాకులు పీకేస్తాయేమోనని లోపలికంటా తోసేశా. నువ్వు రెండుపూటలా నీళ్ళు పొయ్యమన్నావు, నాకెక్కడ కుదురుతుంది? పొద్దున నాలుగింటికే డ్యూటీ. మర్చిపోయేవాణ్ణి. గుర్తొచ్చినప్పుడు వారానికోసారి పోసేవాణ్ణి. అంతా నీ చేతి చలవ. నీ ఇంటి దుంపలేగా!"

వాడు మనసారానే అన్నాడు. అదే మరీ మండింది. వాడు గొప్పలు పోయి ఉంటే కోప్పడటానికైనా వీలుండేది.

ఆ రోజు నుంచి మేస్త్రికి తన గోడ వైపు చూస్తే చిన్నతనంగా ఉండేది. బావమరిది రోజుకొక కాడ కోసి, నీళ్ళసీసాలో పెట్టి, బస్సులో తన సీటు ముందు కట్టుకునేవాడు. రోజుకు కొన్ని వందలమంది చూసేవారు. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే "డ్రైవరుగారూ, ఏం పూలండీ ఇవి" అనేవారు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఇదివరకు గోడ దగ్గర తలవంచి చూసేవాళ్ళు, ఇప్పుడు మేడ వైపు తలెత్తి చూస్తున్నారని మేస్త్రికి అనిపించింది. కొంత నిజం, కొంత కడుపుమంట.

చివరి దెబ్బ డాక్టరమ్మ కొట్టింది, తెలియకుండానే. ఒక మధ్యాహ్నం ఆవిడ వెనకగదిలోకి వచ్చి, ఒక పళ్ళసెట్టు వెలుగులో తిప్పిచూసి, "బాగుంది" అని పెట్టేసి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది.

"నిన్న కారు చెడిపోయి బస్సెక్కానండీ. ఆ డ్రైవరు మీ బావమరిదటగా! ఏం లిల్లీలండీ ఆయన పెంచేవి! ఏటా మన ముందుగదిలో పెడతారే, ఆ కొట్లో కొన్నవి, వాటికంటే ఎంతో నయం. మీకూ చెట్లంటే ఇష్టమేగా, ఆయన్ని రెండు దుంపలు అడగకూడదూ?"

మేస్త్రి చేతిలో మైనం చాకు అలాగే ఉండిపోయింది. పదేళ్ళుగా ముందుగదిలో సీసాలో పెట్టిన పూలు ఆవిడ కొట్లో కొన్నవనుకుంటోంది. "అవి నావండీ" అనడానికి నోరు తెరిచాడు. అప్పటికే ఆవిడ చెప్పుల చప్పుడు వరండాలో వినిపిస్తోంది.

ఆ తర్వాత పదిరోజులకు బావమరిది తాళంచెవి పట్టుకుని వచ్చాడు. కొత్తరకం బస్సులు నేర్పడానికి డ్రైవర్లను ఇరవైరోజులు వేరే ఊరి డిపోకు పంపుతున్నారు. వాడి భార్య కూడా ఆ ఇరవైరోజులూ పుట్టింటికి వెళుతోంది. "పూలైపోయాయి బావా, ఆకులు మాత్రం పచ్చగా ఉన్నాయి. నాకు తెలియదు గానీ నీకు తెలుసుగా, ఎప్పుడు ఎంత పొయ్యాలో. నీ చేతిలో పెడుతున్నా."

పూలయ్యాక లిల్లీకి నీళ్ళు తగ్గించాలి. ఆ సంగతి ఆ నాలుగు వీధుల్లో మేస్త్రి కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

మొదటిరోజు బుద్ధిగానే వెళ్ళాడు. వేలు గుచ్చి చూశాడు, తడి తగిలింది, దిగి వచ్చేశాడు. రెండోరోజు ఎదురుమేడ మీద బట్టలారేస్తున్న ఒకావిడ, "ఏమండీ, డ్రైవరుగారు లేరా? ఎంత పనివాడండీ ఆయన! బస్సు నడుపుతూ ఇన్ని పూలు పెంచాడంటే! ఇంట్లో ఊరికే కూర్చునేవాళ్ళకి కూడా చేతకాదు" అంది. మేస్త్రి నవ్వినట్టు పళ్ళు కనబరిచాడు.

మూడోరోజు జేబులో మైనం ముక్క వేసుకుని వెళ్ళాడు.

దాన్ని రెండు అరచేతుల మధ్య రుద్ది మెత్తన చేశాడు. బకెట్లు ఒక్కొక్కటే పక్కకు వంచి, అడుగున ఉన్న బెజ్జాలు పూడ్చాడు. బొటనవేలితో అద్ది, అంచులు గోటితో నున్నగా దిద్దాడు. ఏడు బకెట్లకూ కలిపి పాతిక బెజ్జాలు. చిగుళ్ళు దిద్దే చెయ్యి కదా, ఒక్కటి కూడా కారలేదు. ఆ తర్వాత అంచుదాకా నీళ్ళు పోశాడు. కోపంతో చెయ్యలేదాయన ఆ పని. పని కుదిరినప్పుడు ఉండే తృప్తే ఉంది. అది తల్చుకుంటేనే తర్వాత్తర్వాత ఆయనకు భయమేసేది.

రోజూ వెళ్ళి పోశాడు. కింద వాటా ఇంటావిడ బకెట్టుతో మెట్లెక్కుతున్న ఆయన్ని చూసి, "బావంటే మీలా ఉండాలండీ" అంది. ఆ మెప్పు కూడా తీసుకున్నాడు.

పన్నెండోరోజుకు ఆకులు పాలిపోయాయి. పదిహేనోరోజుకు కాడలు వాలాయి. ఇరవయ్యోరోజుకు బకెట్ల దగ్గర ముక్కు మూసుకోవలసి వచ్చింది.

బావమరిది తిరిగొచ్చి చూశాడు. కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం అక్క ఇంటికి వచ్చి, మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"బాధపడకు బావా. చెట్లన్నాక పోతుంటాయి. ఇరవైరోజులు నువ్వు ఆ మెట్లెక్కి దిగావట, కిందావిడ చెప్పింది. నీ మోకాళ్ళు నాకు తెలియవా? ఇదిగో, నీకని తెచ్చా." కాగితం విప్పితే మెత్తటి తోలుచెప్పులు. "అవి వేసుకుంటే మోకాళ్ళకి మంచిదట."

మేస్త్రి చెప్పులు అందుకుని, "కొలత సరిపోయింది" అన్నాడు, కాళ్ళకు పెట్టుకోకుండానే.

మర్నాడు సెలవు. భార్య తమ్ముడికి సాయంగా బకెట్లు ఖాళీ చెయ్యడానికి వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, భోజనాల బల్ల మీద ఆయన ఎదుట ఏదో పెట్టింది. శనగగింజంత గులాబీరంగు మైనం బిళ్ళలు. ఐదో ఆరో ఉన్నాయి.

"ఏమిటివి?" అంది.

మేస్త్రి ఒక బిళ్ళను వేలితో పక్కకు జరిపాడు.

"నేనడుగుతున్నా. ఇరవై ఆరేళ్ళుగా మీ చొక్కాజేబుల్లో ఇవి ఏరి ఉతుకుతున్నా. నాకు తెలియక కాదు, మీ నోటితో వినాలని."

"వాడు చూశాడా?"

"చూడలేదు. గుప్పిట్లో దాచేశా. నా తమ్ముడి దగ్గర నేను దొంగలా దాచుకున్నానండీ, మీ కోసం." "వాడు మిమ్మల్ని ఏమన్నాడని? ఏం తీసుకున్నాడని మీ దగ్గర?"

ఏమని చెబుతాడు? వాడు నవ్విస్తాడనా? వాడి మొక్క ఊరికే పూస్తుందనా? డాక్టరమ్మ మాటనా? బయటికి చెబితే అన్నీ గడ్డిపోచలంతే. లోపల ఉన్నప్పుడే కొండలు.

"మర్చిపోయి వారానికోసారి నీళ్ళు పోసేవాడికి ఎనిమిది పూలు పూశాయి," అన్నాడు చివరికి. "నాకు ఆరు."

ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. "వాడికి నేను చెప్పను. మీరే చెప్పాలి. చెప్పేదాకా నాతో పువ్వుల సంగతి ఎత్తకండి" అని మైనం బిళ్ళలు అక్కడే వదిలేసి లేచిపోయింది.

చెప్పడానికి ఆయనకు పదకొండు రోజులు పట్టింది. ఇంటికి వెళ్ళి చెబుదామంటే అక్కడ వాడి భార్య "రండి అన్నయ్యగారూ" అని కుర్చీ వేసేది. ఆ కుర్చీలో కూర్చుని ఆ మాట ఎలా అంటాడు? చివరికి ఒకరోజు పని మానేసి, బావమరిది నడిపే బస్సెక్కాడు. డ్రైవరు వెనకసీట్లోనే కూర్చున్నాడు. "ఏంటి బావా, ఇటు బయల్దేరావు?" అన్నాడు వాడు అద్దంలో చూసి. "ఊరికే" అన్నాడు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ వాణ్ణి పలకరిస్తూనే ఉన్నారు. ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయాక, వాడు ఇంజను ఆపి నీళ్ళసీసా మూత తీస్తుంటే, వెనక నుంచి చెప్పాడు.

"లిల్లీలు వాటంతటవి చావలేదు. నేనే చంపా."

వాడు నవ్వాడు. "ఎక్కువ పోసేసి ఉంటావు. పోనీలే బావా."

"పోనీలే కాదు. బెజ్జాలు మైనంతో పూడ్చా. కావాలని చేశా. నీవి నావాటికంటే బాగా పూశాయని."

వాడి చేతిలో సీసా అలాగే ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు, అద్దంలో చూశాడు. ఆ చూపులో కోపం వెతికాడు మేస్త్రి, దొరకలేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు వాడు.

"దిగు బావా," అన్నాడు. "బండి తిప్పాలి."

మేస్త్రి దిగాడు. బస్సు తిరిగి వెళ్ళిపోయింది. ఇంకో బస్సెక్కాలంటే సిగ్గేసి, ఎండలో గంటన్నర నడిచి ఇల్లు చేరాడు.

బావమరిది రావడం మానేశాడు. అక్కతో ఫోనులో మాట్లాడేవాడు, ఆమె పనిచేసే బడి లైబ్రరీకి వెళ్ళి కలిసేవాడు. ఇంట్లో నవ్వు లేదు. ఇదివరకు ఆ నవ్వు తన వల్ల రాలేదని మేస్త్రి కుమిలేవాడు. ఇప్పుడు అసలు లేకపోయాక, ఎవరి వల్ల వచ్చినా అది తన ఇంట్లో నవ్వేగా అని తెలిసొచ్చింది. తెలిసొచ్చినంత మాత్రాన కడుపులో మంట చల్లారిందనుకుంటే పొరపాటు. వాడు లైబ్రరీకి వెళ్ళి అక్కను కలిశాడని విన్న ప్రతిసారీ, అక్కడ ఏం చెప్పుకుని నవ్వుకుంటున్నారో అని చెవులు కాలేవి.

వాడికి చెప్పేశానని ఆయన చెప్పిన రోజున భార్య ఒక్కటే అంది. "ఆ కుళ్ళిన దుంపలు సంచిలో కట్టి పెరట్లో పెట్టా. పారేస్తారో ఏం చేస్తారో."

పారెయ్యలేదు. సంచి విప్పి, బురదలో చేతులు పెట్టి ఏరాడు. చాలావరకు పైరెబ్బలు పేస్టులా అయిపోయాయి గానీ, కొన్నిటి నడుమ గట్టిగా, తెల్లగా ఉన్న రెబ్బలు దొరికాయి. కడిగి ఆరబెట్టి లెక్కచూస్తే ఇరవై మూడు. లిల్లీ దుంప రెబ్బను విడదీసి తడిఇసుకలో పెడితే, దాని అడుగున కొత్త దుంప పుడుతుంది. ఆ రెబ్బలను పళ్ళ అచ్చులు పెట్టుకునే పళ్ళెంలో ఇసుక పోసి, దాంట్లో గుచ్చి, ఆసుపత్రి వెనకగదిలో బల్ల కింద చీకట్లో పెట్టాడు. రోజూ చూసేవాడు. రెండు నెలలకు పదమూడిటి అడుగున బియ్యపుగింజంత తెల్లటి మొలకలు కనిపించాయి. మిగతావి పోయాయి.

నాలుగో నెలలో, ఒక పొద్దుటిపూట వెనకగది తలుపు చప్పుడైంది. బావమరిది. మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. వెనక డాక్టరమ్మ. "మీవాళ్ళేగా, మీరే చూడండి. బస్సు తలుపు రాడ్డు తగిలిందట. ముందుపన్ను సగానికి విరిగింది, తీసేశాను. రంగు జాగ్రత్తగా కలపండి" అని ఆవిడ వెళ్ళిపోయింది.

"బావా, పన్ను కావాలి," అన్నాడు వాడు రుమాలు తియ్యకుండా. నాలుగు నెలల తర్వాత మొదటిమాట.

"కూర్చో."

వెలుగు వైపు తిప్పి కూర్చోబెట్టి, రంగులు చూసే పళ్ళపట్టీ వాడి పెదవి దగ్గర పెట్టి ఒక్కొక్క రంగే సరిచూశాడు. ఇద్దరి ముఖాలకూ మధ్య జానెడు దూరం. ఆ దూరంలో మాట్లాడకుండా ఉండటం కష్టం. వాడి కళ్ళు అటూ ఇటూ తిరిగి బల్ల కిందకు పోయాయి.

"అవేంటి?"

"నీవే. బతికినవి."

వాడు వంగి పళ్ళెం బయటికి లాగి చూశాడు. ఒక మొలకను వేలితో తాకాడు. "ఎంత లోతు పెట్టాలి?" అన్నాడు.

మేస్త్రికి వాడు కావాలనే ఆ మాట అడిగాడో, మామూలుగానే అడిగాడో తెలియలేదు. చెప్పాడు. దుంపకు మూడింతల లోతు. అడుగున ఇసుక. బెజ్జాలు పెద్దవి ఉండాలి. నీళ్ళు మట్టి ఆరాకే. పూలయ్యాక తగ్గించాలి. మొదటేడు పూయవు, రెండో ఏడు పూస్తే అదృష్టం. ఏదీ దాచుకోలేదు. చెబుతుంటే తన ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే తీసి ఇచ్చేస్తున్నట్టు ఉంది.

"వారానికోసారి పోస్తే చాలన్నమాట," అన్నాడు వాడు. "అంటే నేను మర్చిపోవడమే సరైన పద్ధతన్నమాట." పంటి సందులోంచి గాలి పోతూ ఆ మాట వింతగా వినిపించింది. మేస్త్రికి నవ్వొచ్చింది. వాడు నవ్వలేదు గానీ, లేచి వెళ్ళిపోనూ లేదు.

ఆ పన్ను మేస్త్రి మూడుసార్లు చేశాడు. రెండు బాగానే ఉన్నా పక్కన పెట్టేశాడు. మూడోది పెడితే, అసలు ఏ పన్ను విరిగిందో వాడి భార్యే చెప్పలేకపోయింది. వాడికి మొదటి నుంచీ ఆ పన్ను కాస్త వంకరగా ఉండేది. మేస్త్రి ఆ వంకరను కొద్దిగానే ఉంచాడు. దాంతో వాడి నవ్వు మునుపటికంటే అందంగా తయారైంది. బస్సులో జనం, "డ్రైవరుగారూ, ఈమధ్య మీ ముఖంలో కళ పెరిగిందండీ" అన్నారట. వాడు ఇంటికి వచ్చి అక్క ముందు ఆ మాట చెప్పి నవ్వాడు. అక్క నవ్వింది. మేస్త్రి ఆ పంటినే చూస్తూ కూర్చున్నాడు. తన చేతుల్తో చేసినది, వాడి నోట్లో కూర్చుని, వాడికే పేరు తెస్తోంది. పాత మంట లోపల ఎక్కడో పాములా పడగ విప్పింది. ఈసారి దాన్ని గుర్తుపట్టాడు. "వచ్చావా" అనుకున్నాడు, అంతే.

రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయి గానీ, విరిగి అతికినది అతికినట్టే ఉంటుంది. ఊరెళ్ళేటప్పుడు బావమరిది తాళంచెవి కింద వాటావాళ్ళకే ఇచ్చి వెళ్ళేవాడు. మేస్త్రి ఎందుకని అడగలేదు. తోలుచెప్పులు మాత్రం అప్పటి నుంచి వేసుకోవడం మొదలుపెట్టాడు. నిజంగానే మోకాళ్ళకు హాయిగా ఉన్నాయి.

ఆ మొలకలు నాటిన మూడో ఏడు మేడమీద బకెట్లలో మళ్ళీ మొగ్గలు వచ్చాయి. ఆసుపత్రికి వెళ్ళే దారి కాకపోయినా మేస్త్రి రోజూ ఆ వీధి గుండానే వెళ్ళి తలెత్తి చూసేవాడు. తన గోడ దగ్గరివి ఇంకా విచ్చుకోలేదు, వాడివి విచ్చుకోబోతున్నాయి. భార్యతో అన్నాడు, "వాడివి ఒక్కోదానికి ఏడేసి ఉన్నాయి."

"మీవి?"

"ఐదు. ఒకదానికి ఆరు."

"కుళ్ళుగా ఉందా?" అంది ఆమె, కూర తరుగుతూ, తలెత్తకుండా.

"ఉంది," అన్నాడు.

"సరే," అంది ఆమె. ఆ మాట నోటితో ఒప్పుకున్నందుకో ఏమో, సాయంత్రం చాలాకాలం తర్వాత తనంతట తానే గోడ దగ్గరికి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

ఆ వారం మధ్యలో గాలివాన వస్తుందని రేడియోలో చెప్పారు. మేస్త్రి పని నుంచి తొందరగా వచ్చి, సన్నటి కర్రలు చీల్చి, గుడ్డపీలికలు తీసుకుని బయల్దేరాడు. ముందు తన గోడ దగ్గరి ముప్పై కాడలకే కట్టాడు, అందులో మొహమాటపడలేదు. మిగిలిన కర్రలు చంకలో పెట్టుకుని పక్కవీధికి నడిచాడు. బావమరిది డ్యూటీలో ఉన్నాడు. వాడి భార్య తలుపు తీసి, చేతిలో కర్రలు చూసి ఒక్క క్షణం తటపటాయించి, "నేనూ పైకి వస్తా అన్నయ్యగారూ" అంది. "రా అమ్మా" అన్నాడాయన. ఇద్దరూ మెట్లెక్కారు. ఆమె కాడలు పట్టుకుంటే ఆయన కట్టాడు, మరీ బిగించకుండా, కాడ ఊగడానికి వేలు పట్టేంత వదులుంచి. ఆరో బకెట్టు దగ్గరికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి.